ఆగిపోయిన కారుకు పాత ఇంజను వేయడం: మా షెడ్డు పద్ధతి

మేడారం జాతర ముగిసిన మరునాటి నుంచి వారం రోజులు మా షెడ్డు ముందు బండ్లు వరుస కడతాయి. క్లచ్ కాలినవి, రాయి తగిలి ఆయిల్ ఛాంబర్ పగిలినవి, తాడు కట్టి లాక్కొచ్చినవి. 2024 ఫిబ్రవరి జాతర తర్వాత అలా తాడుతో వచ్చిన వాటిలో నర్సంపేట సారు వ్యాగన్‌ఆర్ ఒకటి. 2012 నాటి బండి, ఏపీ 36 నంబరు, మూడు సిలిండర్ల కె10బి పెట్రోలు ఇంజను. తిరుగు ప్రయాణంలో పస్రా దగ్గర, ఇంజను వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగిందట. ముందు బండ్లు, వెనక బండ్లు, లోపల నిద్రపోతున్న పిల్లలు. పక్కకు తీసే చోటు కనబడక, ములుగు దాకా పోతే చాలనుకుని నడిపారు. ములుగు రాకముందే ఇంజను పట్టేసి, తిరగడం ఆగిపోయింది.

ఆ బండికి మరో బండి నుంచి తీసిన పాత ఇంజను వేశాను. ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. నేను వరంగల్ ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివి, ఒక ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు పానాలు అందించి, ఆ తర్వాత ములుగు రోడ్డు వైపు సొంత షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. ఇది చదివి యజమానులు ఇంటి ముందు ఇంజను దించుతారని కాదు. చైన్ బ్లాకు, దాన్ని మోసే గట్టి దూలం, ఇద్దరు మనుషులు లేనిదే ఈ పనికి చేయి పెట్టకూడదు. పని చేయించేవారికి ఎక్కడ నిలబడి ఏమి అడగాలో తెలియాలి. కొత్తగా పానా పట్టిన కుర్రవాళ్లకు ఏది దాటవేయకూడదో తెలియాలి. అందుకే రాస్తున్నాను.

మొదట, ఎందుకు పోయింది?

2009లో ఒక ఇండికాకు ఇంజను మార్చాను. పాతది వేడెక్కి పోయింది. హైదరాబాద్ నుంచి మంచి ఇంజను తెచ్చాను, రెండు రోజుల్లో ఎక్కించాను, డబ్బు తీసుకున్నాను. నలభై రోజులకు ఆ బండి మళ్లీ తాడుతో వచ్చింది. రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంది. ఇంజను మీద ఉన్న ధ్యాసలో రేడియేటర్ విప్పి చూడలేదు. పాతదాన్నే కడిగి బిగించాను. మొదటి ఇంజనును చంపినదే రెండో దాన్నీ చంపింది. మూడో ఇంజను నా జేబులోంచి పోయింది. అప్పటి నుంచి మా షెడ్డులో ఒక నియమం ఉంది: బండిలోని ఇంజను పోయిన కారణం కాగితం మీద రాసే దాకా దాని బదులు వేసేదాని బేరం మొదలుపెట్టకూడదు.

కారణాలు లెక్కకు చాలా కనిపించినా మూడు గుంపుల్లోకి వస్తాయి: వేడి, ఆయిల్, నీరు.

వేడి అయితే రేడియేటర్, ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు, హోస్ పైపులు, రేడియేటర్ మూత, ఒక్కొక్కటి చూడాలి. సారు బండి రేడియేటర్‌ను అడ్డంగా కోసి చూపించాను. గొట్టాల నోళ్ల దగ్గర తెల్లటి పెచ్చు. బకెట్లో పెట్టి నీళ్లు కాచే హీటర్ రాడ్డుకు పట్టే పెచ్చు లాంటిదే. ఎన్నో ఏళ్లుగా కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. మన వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీరు ఆవిరైపోతుంది, సున్నం ఉండిపోతుంది. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగినప్పుడు మిగిలిన గొట్టాలతోనే నెట్టుకొచ్చింది. జాతర ట్రాఫిక్‌లో గంటల తరబడి మొదటి గేరులో నిలబడేసరికి చాలలేదు.

ఆయిల్ అయితే ఫిల్టరు కోయాలి. డబ్బా అంచు కోసి లోపలి కాగితాన్ని విప్పి ఎండలో పట్టుకుంటే, బేరింగు అరిగిన ఇంజనులో అది చీరకు అద్దిన తళుకులా మెరుస్తుంది. ఆ పొడి కొత్త ఇంజనులోకి వెళ్లే దారి ఏదైనా మిగిలి ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో దాన్ని మార్చాలి, కడిగితే చాలదు.

నీరు అంటే వరద. 2023 జూలై చివరి వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు మునిగిన బండ్లు నెల రోజుల పాటు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నీళ్లలో నిలబడి పాడైనవి కావు, నీళ్లలో స్టార్ట్ చేయబోయి పాడైనవి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ పైకి వచ్చేసరికి నీరు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అలాంటి బండికి ఇంజను మార్చేటప్పుడు గాలి ఫిల్టరు పెట్టె నుంచి ఇంటేక్ (ఇంజను గాలి పీల్చే నోరు) దాకా ప్రతి గొట్టం విప్పి ఆరబెట్టాలి. గ్లాసెడు నీళ్లు ఏ మలుపులోనో దాక్కుంటే కొత్త ఇంజను వాటితోనే నోరు కడుక్కుంటుంది.

ఉన్న ఇంజనుకే బోరు చేయించడమా, మరో బండి పాతది తేవడమా?

సారు బండిలో హెడ్డు (సిలిండర్ల పై మూత) వంగింది, రెండు బోర్లలో (పిస్టన్ కదిలే సిలిండర్ గోడల మీద) గోరు తగిలితే ఆగేంత గీతలు పడ్డాయి, ఒక పిస్టన్ అంచు కరిగింది. దానికి బోరింగ్ (ఆ గోడలను కోసి నునుపు చేయడం), కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వుల పని, హెడ్డు చదును చేయించడం అన్నీ కలిపితే మంచి పాత ఇంజను ఖరీదును దాటిపోతుంది. పైగా ఇది అల్యూమినియం బ్లాకు. గట్టిగా వేడెక్కిన అల్యూమినియం మీద నాకు నమ్మకం తక్కువ. ఒక్క హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పొర) పోయి, బోర్లు శుభ్రంగా ఉంటే మాత్రం పాత ఇంజను కొనమని ఎవరికీ చెప్పను. హెడ్డు పని చేయించుకుంటే సరిపోతుంది. మన ఇంజను చరిత్ర మనకు తెలుసు, తెచ్చేదాని చరిత్ర అమ్మేవాడికి కూడా సరిగా తెలియదు.

బండి వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. 2012 బండికి 2027లో ఆ గడప వస్తుంది. కింద తుప్పు పట్టి, తలుపులు వేలాడుతున్న బండికి మంచి ఇంజను వేయడం దండగ. సారు బండి కింద పడుకుని చూశాను, ఎక్కడా తుప్పు లేదు. అందుకే ఒప్పుకున్నాను.

ఏ ఇంజను సరిపోతుంది?

కె10బి ఇంజను వ్యాగన్‌ఆర్‌లోనే కాదు, ఏ-స్టార్, ఎస్టిలో, ఆల్టో కె10, సెలెరియోలలోనూ వచ్చింది. "అన్నీ ఒకటే" అని దుకాణంలో చెబుతారు. లోపలి గుండె ఒకటే కావచ్చు, పైన తగిలించిన సామాను ఒకటి కాదు. మౌంటింగు బ్రాకెట్లు, ఇంటేక్ మానిఫోల్డు, సెన్సార్ల పిన్నులు బండిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. పొగ నిబంధనలను బట్టి కూడా తేడాలుంటాయి: బీఎస్4 అన్నది 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ వంటి 13 నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చింది. మధ్య ఏళ్లలో రెండు రకాల బండ్లూ తిరిగాయి. కాబట్టి అదే బండి, అదే కాలం నాటిది వెతకాలి. దొరక్కపోతే బ్లాకు, హెడ్డు మాత్రం దానివి ఉంచి, ఇంటేక్, సెన్సార్లు, బ్రాకెట్లు మన బండివి మార్చుకోవాలి.

ఈసీఎంను, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టెను, మాత్రం ఎప్పుడూ మార్చకండి. తాళంచెవిలోని చిప్పుకు, బండిలోని ఈసీఎంకు ముడి ఉంటుంది. మారుతి బండ్లలో ఆ ఏర్పాటు పేరు ఐక్యాట్స్. ఇంజనుతో పాటు వచ్చిన ఈసీఎం తగిలిస్తే సెల్ఫ్ తిరుగుతుంది గానీ బండి స్టార్ట్ కాదు. "ఫుల్ సెట్టు ఇస్తాను" అని దుకాణదారు వైరింగుతో సహా అంటగడితే ఆ డబ్బు వృథా.

దుకాణంలో

వరంగల్ ఆటోనగర్‌లో అడిగి, అక్కడ దొరక్కపోతే హైదరాబాద్ ఆటోనగర్ వెళతాం. ఢిల్లీ మాయాపురి నుంచి తెప్పిస్తామని ఫోనులో చెప్పేవాళ్లున్నారు. చూడకుండా ఇంజను కొనడం నా వల్ల కాదు. సారును వెంటబెట్టుకుని, కంప్రెషన్ గేజి (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతుందో కొలిచేది), ప్లగ్గు పానా, ఫోనుకు తగిలించే చిన్న కెమెరా, ఒక అయస్కాంతం, పాత బనియను గుడ్డ సంచిలో వేసుకుని తెల్లవారుజామున బయల్దేరాం.

మొదటి దుకాణంలో ఒక ఇంజను వెండి రంగులో తళతళలాడుతోంది. సారుకు నచ్చింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. అమ్మకానికి పెట్టిన పాత ఇంజనుకు రంగు వేశారంటే ఆయిల్ కారిన మరకో, తుప్పో, వరద బురద గీతో దాని కింద ఉందని అనుకోవాలి. ప్లగ్గు గుంటల్లోకి వేలు పెడితే లోపల ఎర్రటి మట్టి తగిలింది. ప్లగ్గు గుంటలోకి మట్టి నీళ్లు రావాలంటే ఇంజను మునగాలి. ఏమీ అనకుండా బయటకు వచ్చేశాం.

రెండో దుకాణంలో ఇంజను మురికిగా ఉంది. మురికి మంచిదే, కథ చెబుతుంది. పాత టైరు మీద నిలబెట్టి ఉంచారు, ఛాంబర్ నొక్కుకుపోకుండా. గేర్‌బాక్సు ఇంకా తగిలే ఉంది. సెల్ఫ్ మోటారు దాని మీదే కూర్చుంటుంది కాబట్టి నేల మీదే తిప్పి చూడవచ్చు. చూసిన వరుస ఇది.

ఆయిల్ మూత తీసి అడుగున చూశాను. పాలు ఎక్కువైన టీ రంగు జిగురు అంటుకుని ఉంటే నీరు ఆయిల్‌లో కలిసిందని అర్థం. ఇక్కడ గోధుమరంగు పూత, అంతే. గేజి పుల్ల తీసి ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్దాను, గరుకు లేదు. వాటర్ పైపు నోటిలో కెమెరా పెట్టాను. ఎర్రటి తుప్పు లేదు, పచ్చటి మరక ఉంది. అంటే ఎవరో కూలెంట్ పోసి పెంచిన ఇంజను.

ప్లగ్గులు మూడూ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టాను. మూడూ ఒకే రంగులో, ఎండిన ఇటుక పొడి రంగులో ఉన్నాయి. ఒకటి నల్లగా ఆయిల్‌తో తడిసి ఉంటే ఆ సిలిండర్లో పిస్టన్ రింగులు గానీ వాల్వు సీలు గానీ పోయినట్టు. తర్వాత కెమెరాను ప్లగ్గు రంధ్రంలోంచి దించి పిస్టన్ తలలు చూశాను. అక్కడ అందరూ పొరబడే చోటు ఒకటి ఉంది. మిగతా రెండూ నల్లగా మసి పట్టి ఉండి, ఒక పిస్టన్ మాత్రం కడిగినట్టు శుభ్రంగా మెరుస్తుంటే, బాగుందని సంతోషించకూడదు. ఆ సిలిండర్లోకి కూలెంట్ కారుతూ, ఆవిరై మసిని కడిగేసిందన్న మాట. బోరు గోడల మీద సన్నటి అడ్డగీతలు, అల్లిక లాంటివి, ఇంకా కనబడుతున్నాయి. ఆయిల్‌ను పట్టి ఉంచేవి అవే. అరిగిన బోరు అద్దంలా ఉంటుంది.

ఇక కంప్రెషన్. మూడు ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ (గాలి లోపలికి వెళ్లే రేకు తలుపు) పూర్తిగా తెరిచి పట్టుకుని, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీతో సెల్ఫ్ తిప్పాలి. గేజి ముల్లు పెరగడం ఆగే దాకా అయిదారు చుట్లు. థ్రాటిల్ మూసి తిప్పితే మంచి ఇంజను కూడా తక్కువ చూపిస్తుంది. నీరసించిన బ్యాటరీ కూడా అలాగే మోసం చేస్తుంది. మొదటిది 176 పీఎస్‌ఐ, రెండోది 178, మూడోది 149. దుకాణదారు "చల్లగా ఉంది కదా" అన్నాడు. చల్లదనం మూడింటికీ ఒకటే. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే నేను ఆగుతాను. మూడో రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి మళ్లీ తిప్పించాను. 172కి లేచింది. ఆయిల్ పోస్తే లేచిందంటే లోపం రింగులది. లేవకపోతే వాల్వుదో గ్యాస్కెట్‌దో అయ్యేది. పక్కపక్క సిలిండర్లు రెండూ సమానంగా తగ్గితే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు.

ఇలా కనబడినప్పుడు రెండు దారులు. చాలాకాలం తిప్పకుండా ఉంచిన ఇంజనులో రింగులు అతుక్కుని కూడా కంప్రెషన్ తగ్గుతుంది, నడిస్తే సర్దుకోవచ్చు. సర్దుకోకపోవచ్చు కూడా. జూదం ఆడటానికి డబ్బు నాది కాదు. మూడో దుకాణానికి వెళ్లాం. అక్కడ 178, 175, 172 వచ్చాయి. గేర్‌బాక్సు లేకుండా 34,000 రూపాయలకు తెగింది.

అక్కడ ఇంకో రెండు చూపులు మిగిలాయి. క్రాంకు పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమనకూడదు. ఛాంబర్ విప్పనిస్తాడా అని అడగాలి. చాలామంది ఒప్పుకోరు. ఈయన ఒప్పుకున్నాడు, అదే సగం భరోసా. ఛాంబర్ అడుగున అయస్కాంతం తిప్పితే సన్నటి బూడిద లాంటిది అంటింది, అది మామూలే. ముక్కలు అంటితే వద్దు. బేరింగు పొడి అయస్కాంతానికి అంటదు కాబట్టి గుడ్డతో తుడిచి వెలుతురులో చూడాలి.

కాగితాలు

ఇంజను మీద చెక్కిన నంబరును ముందు మీరే చదివి ఫొటో తీసుకోండి. రుద్దిన గుర్తు, రెండోసారి కొట్టిన అంకెలు కనబడితే ఎంత చవకైనా వదిలేయండి. దొంగ బండి ఇంజను మీ ఆర్సీలోకి వస్తే మెకానిక్కు ఏమీ కాదు, స్టేషను చుట్టూ తిరిగేది మీరు. బిల్లులో ఆ నంబరు, అది ఏ బండి నుంచి వచ్చిందో ఆ బండి నంబరు, ఎన్ని రోజుల గ్యారంటీయో రాయించుకోవాలి. ఆ బండి ఆర్సీ నకలు, రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం ఉంటే ఇంకా మంచిది.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మారిస్తే రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. ముందు అనుమతి తీసుకోవడం సరైన పద్ధతి; తీసుకోకుండా మార్చాల్సి వస్తే 14 రోజుల్లోగా తెలియజేయాలి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్సు వాళ్ల అంగీకార పత్రం కూడా ఉండాలి. బీమా కంపెనీకి ఉత్తరం రాసి పాలసీలోనూ నంబరు మార్పించండి. దీన్ని ఎక్కువమంది దాటవేస్తారు. తీరా ప్రమాదం జరిగి క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు, పాలసీలో ఒక నంబరు, బ్లాకు మీద ఒక నంబరు ఉంటే ఎవరితో వాదిస్తారు?

దించడం

ఇందులో పెద్దగా చెప్పడానికి లేదు, ఓపిక కావాలి. బ్యాటరీ నెగెటివ్ ముందు తీయాలి. అంతకన్నా ముందే, ఇంజను నడిచే స్థితిలో ఉంటే పెట్రోలు పంపు ఫ్యూజు లాగి, అది తనంతట తాను ఆగిపోయే దాకా నడిపితే పైపులో ఒత్తిడి పోతుంది. సారు బండిలా పట్టేసి ఉంటే పైపు కీలు దగ్గర గుడ్డ చుట్టి నెమ్మదిగా వదలాలి. దగ్గర్లో బీడీ ఉండకూడదు. కూలెంట్, ఇంజను ఆయిల్, గేర్ ఆయిల్ దించాలి. ఏసీ కంప్రెసర్ బోల్టులు మాత్రమే విప్పి, గ్యాస్ పైపులు కదపకుండా తీగతో పక్కకు కట్టేయాలి. గ్యాస్ వదిలేసి మళ్లీ నింపమని బిల్లు వేసే వాళ్లుంటారు, అవసరం లేదు.

ప్రతి కనెక్టరు విప్పే ముందు ఒక ఫొటో, విప్పాక తెల్ల టేపు మీద అంకె. రెండు చివర్లకూ అదే అంకె. బోల్టులు విప్పిన చోటును బట్టి వేర్వేరు డబ్బాల్లో వేయాలి. బానెట్ తీసేముందు కీళ్ల చుట్టూ మార్కరుతో గీత గీస్తే, మళ్లీ బిగించేటప్పుడు సందులు సమానంగా వస్తాయి. యాక్సిళ్లు, సైలెన్సర్ పైపు, గేరు కేబుళ్లు, క్లచ్ కేబుల్ విడిపోయాక మౌంటింగులు. ఇంజను, గేర్‌బాక్సు కలిపి వంద కిలోలు దాటుతుంది. గొలుసు మీద వేలాడుతున్నంత సేపూ కింద చేయి గానీ కాలు గానీ పెట్టకూడదు.

బయట ఉండగానే చేయాల్సినవి

ఇంజను నేల మీద ఉన్నప్పుడు 200 రూపాయల ఆయిల్ సీలు మార్చడం పది నిమిషాల పని. ఎక్కించాక అదే సీలు కారితే మళ్లీ గేర్‌బాక్సు దించాలి. పాత ఇంజను బేరంలో మిగిలిన డబ్బును ఇక్కడ ఖర్చు పెట్టాలని నేను పట్టుబడతాను. క్రాంకు ముందు, వెనక సీళ్లు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వాటర్ పంపు, థర్మోస్టాట్, అన్ని హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, యాక్సిల్ సీళ్లు, చిట్లిన మౌంటింగులు. సారు బండికి కొత్త రేడియేటర్‌తో కలిపి ఇవన్నీ 21,000 అయ్యాయి. ఆయన కాస్త నసిగారు. కోసిన పాత రేడియేటర్‌ను చేతిలో పెట్టాను, మళ్లీ మాట్లాడలేదు.

ఛాంబర్ తిరిగి బిగించేటప్పుడు సిలికాన్ పేస్టు సన్నటి దారంలా వేయాలి. బయటకు ఎంత పిండుకువస్తుందో లోపలికీ అంతే పిండుకుపోతుంది. లోపల రాలిన ముక్క నేరుగా ఆయిల్ జల్లెడకు చుట్టుకుంటుంది. ఆ జల్లెడను కూడా ఇప్పుడే పెట్రోలుతో కడగాలి.

కంప్రెషన్ బాగున్న ఇంజను హెడ్డును "ఒకసారి చూద్దాం" అని విప్పడం నాకు ఇష్టం లేదు. టైమింగ్ చైను చప్పుడు, ఆయిల్ కారడం లాంటి కారణం ఉంటేనే విప్పాలి.

ఎక్కించడం

ఈ పనిలో ఇంజను పగిలేది ఎక్కించేటప్పుడు కాదు, గేర్‌బాక్సుతో కలిపేటప్పుడు. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో ఉండాలి. దానికి సెంటరింగ్ పుల్ల వాడతాం. మా షెడ్డులో పాత గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ముక్క ఒకటి అందుకోసమే మేకుకు వేలాడుతుంటుంది. ప్లేటు ఏ వైపు ఇంజనుకు రావాలో దాని మీద రాసి ఉంటుంది, తిరగేసి బిగించి పొద్దున్నంతా కష్టపడిన రోజులూ ఉన్నాయి. గైడు పిన్నులు రెండూ వాటి రంధ్రాల్లో ఉన్నాయో లేదో చూసి, గేర్‌బాక్సును చేతులతో నెట్టాలి. చివరి వేలెడు సందు దగ్గర ఆగుతుంది. ఆగినప్పుడు పుల్లీని కొద్దిగా తిప్పితే షాఫ్టు పళ్లు దారి వెతుక్కుని, టప్పుమని అతుక్కుంటుంది. అతుక్కోలేదని బోల్టులు వేసి పానాతో లాగకూడదు. మా కుర్రవాడు ఒకసారి అలా లాగాడు. అల్యూమినియం చెవి విరిగిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. చేతి బలంతో సందు మూసుకున్న తర్వాతే బోల్టులు.

ఫ్లైవీల్ బోల్టులు, మౌంటింగు బోల్టులు టార్క్ రెంచితో, ఆ బండి మాన్యువల్లో ఉన్న అంకెకు బిగించాలి. మౌంటింగులన్నీ ముందు వదులుగా వేసి, ఇంజను తన బరువుతో తాను సర్దుకున్నాక బిగిస్తే స్టీరింగులో వణుకు రాదు. అన్నిటికన్నా ముఖ్యం: రవాణాలో దుమ్ము పడకుండా ఇంటేక్ రంధ్రాల్లో కుక్కిన గుడ్డలు. ఎన్ని కుక్కామో అన్ని తీశామా? మేము ఎర్ర గుడ్డలే వాడతాం, లెక్క గోడ మీద సుద్దతో రాస్తాం.

మొదటి స్టార్టు

ఆయిల్ పోశాక వెంటనే స్టార్ట్ చేయకూడదు. పెట్రోలు పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసి, ప్లగ్గులు లేకుండా సెల్ఫ్‌ను అయిదేసి సెకన్లు, మధ్యలో విరామమిస్తూ తిప్పాలి. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఆరిపోయిందంటే బేరింగులకు ఆయిల్ చేరింది. ఆ తర్వాతే ప్లగ్గులు, ఫ్యూజు. స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో యాక్సిలరేటర్ తొక్కి "సౌండు చూద్దాం" అనే వాళ్లను బండికి దూరంగా ఉంచండి.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు తిప్పి, మూత తెరిచి నెమ్మదిగా పోయాలి. బుడగలు వస్తూ మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. ఇలా ఫ్యాను తనంతట తాను రెండుసార్లు తిరిగి ఆగే దాకా పక్కనే నిలబడాలి. లోపల గాలి మిగిలితే ఒక్క మూల వేడెక్కి, కొత్త గ్యాస్కెట్ కూడా పోతుంది. పైపులో మిగిలిన ఆయిల్ కాలి కాసేపు నీలి పొగ రావడం సహజం; పావుగంట తర్వాత కూడా వస్తే ఆలోచించాలి. తెల్లటి పొగ తీయటి వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ కాలుతోంది. ఆయిల్ మూత తీసి చూస్తే పొగ బుసబుసమంటూ కొడితే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు. గ్యారంటీ బిల్లు బయటకు తీయాల్సిన సమయం. చివరగా స్కానరు పెట్టి పాత తప్పుల కోడ్లు తుడిచేసి, ములుగు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పి, మళ్లీ స్కానరు పెట్టాలి.

వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలని చెప్పి పంపాను. సారు అన్న మాట ప్రకారం మే నెలలో వచ్చారు. ఆయిల్ దించి, ఫిల్టరు కోసి, కాగితం ఎండలో పట్టి చూపించాను. నల్లగా ఉంది, ఎక్కడా మెరుపు లేదు. పానా తెద్దామని డిక్కీ తెరిస్తే అయిదు లీటర్ల నీళ్ల డబ్బా కనబడింది.

"తాగడానికేనా సారూ?"

"తాగడానికే ఉస్తాద్, ఎండాకాలం కదా" అన్నారు.

ఇంజను చల్లారే దాకా ఆయనకు టీ తెప్పించాను. రేడియేటర్ మూత తెరిచి, కూలెంట్ ఇంకా పచ్చగానే ఉందని చూసుకున్నాక పంపాను.